పీఎల్‌ఎమ్‌లో కంటైనర్లు ఎలా ఏర్పాటు చేసుకోవాలి: జాబితా నుంచి తనిఖీ దాకా

పీఎల్‌ఎమ్ సాఫ్ట్‌వేర్ (ఉత్పత్తి డిజైన్ డేటాను మొదటి నుంచి చివరి దాకా నిర్వహించేది) కొత్తగా పెట్టుకున్నవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎన్ని కంటైనర్లు పెట్టాలి? దేన్ని దేనిలో పెట్టాలి?" ఏడాదో రెండేళ్లో గడిచాక అదే మనుషులు మళ్లీ అడుగుతారు: "పెట్టినవి కుదరలేదు, ఇప్పుడు ఎలా సర్దాలి?" కంటైనర్ అంటే పార్టులు, డ్రాయింగులు పెట్టుకునే చోటు; దానికి సొంత బృందం, అనుమతులు ఉంటాయి. పై రెండు ప్రశ్నలకూ పనికొచ్చేలా మొత్తం పనిని వరుసగా రాస్తున్నాను.

ఇక్కడ వాడిన పేర్లు విండ్‌చిల్ అనే పీఎల్‌ఎమ్ సాఫ్ట్‌వేర్‌వి: పైన సైట్, దాని కింద ఆర్గనైజేషన్, దాని కింద ప్రొడక్టు, లైబ్రరీ, ప్రాజెక్టు అనే కంటైనర్లు. మీరు టీమ్‌సెంటర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ఒక తేడా ముందే గుర్తుంచుకోండి. అక్కడి ఫోల్డరులో ఉండేది డేటా కాదు, డేటాకు దారి చూపే సూచిక మాత్రమే; ఒకే పార్టు పది ఫోల్డర్లలో కనిపించవచ్చు. అనుమతులను అక్కడ యజమాని, గ్రూపు, ప్రాజెక్టు నిర్ణయిస్తాయి. త్రీడీఎక్స్‌పీరియన్స్ అనే మూడో సాఫ్ట్‌వేర్‌లో ఇదే పనిని కొలాబరేటివ్ స్పేస్ చేస్తుంది. పేర్లు మారినా, ఈ కింది ఆలోచన మూడింటికీ సరిపోతుంది.

సిద్ధాంతం ఒక్క పేరాలో ముగిస్తాను. కంటైనర్‌లో పెట్టిన ప్రతి పార్టుకూ, డ్రాయింగుకూ ఆ కంటైనర్ బృందం, అనుమతులు, నంబరు పద్ధతి, లైఫ్‌సైకిల్ (తయారీ నుంచి విడుదల దాకా పార్టు దాటే దశల వరుస) వర్తిస్తాయి. పార్టును వెతికి పట్టుకోవడానికి సెర్చ్ ఉంది, బీఓఎం (ఏ అసెంబ్లీలో ఏ భాగాలు ఉన్నాయో చెప్పే జాబితా) ఉంది. అందువల్ల హద్దులు గీసేటప్పుడు "ఇది ఎక్కడ ఉంటే సులువుగా దొరుకుతుంది" అని ఆలోచించకండి. "దీన్ని ఎవరు మార్చవచ్చు, ఎవరు చూడవచ్చు" అని ఆలోచించండి. నేను చూసిన చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క ప్రశ్న వేసుకోకపోవడం వల్ల వచ్చినవే.

కావలసినవి

- ఇప్పుడున్న డేటా జాబితా ఒక స్ప్రెడ్‌షీట్‌లో. కనీసం ఈ గడులు ఉండాలి: నంబరు, పేరు, రకం, స్థితి, ఇప్పుడున్న చోటు, ఏ అసెంబ్లీల్లో వాడారు.
- ముగ్గురు మనుషులు: ఉత్పత్తులను క్షుణ్ణంగా తెలిసిన డిజైన్ ఇంజనీరు, బోల్టులు బేరింగుల వంటి ప్రామాణిక భాగాలను చూసుకునేవారు, సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. అడ్మినిస్ట్రేటర్ ఒక్కరే కూర్చుని చేయవలసిన పని కాదిది.
- ఒక టెస్ట్ సర్వరు. అసలు సర్వరులో ప్రయోగాలు వద్దు. ఒకసారి డేటా చేరిన కంటైనర్‌ను తీసేయడం చాలా కష్టం.
- ఏ ప్రత్యేక హక్కులూ లేని రెండు మామూలు లాగిన్లు. ఇవి ఎందుకో 8వ మెట్టులో తెలుస్తుంది.

మెట్టు 1: జాబితాకు మూడు గడులు చేర్చండి

స్ప్రెడ్‌షీట్‌లో "ఎవరు మారుస్తారు", "ఎవరు చూడాలి", "ఎవరు చూడకూడదు" అని మూడు గడులు చేర్చండి. పార్టు పార్టుకూ నింపనక్కరలేదు, గుంపులుగా నింపితే చాలు. ఉదాహరణకు, మీరు పంపులు, గేర్‌బాక్సులు తయారు చేస్తున్నారనుకోండి. "పంపు కేసింగులు", "ఇంపెల్లర్లు", "గేరు షాఫ్టులు", "బోల్టులు, నట్లు", "బేరింగులు", "మోటారు సరఫరాదారు ఇచ్చిన నమూనాలు", "లెక్కల పత్రాలు" ఇలా పదిహేను ఇరవై వరుసలు వస్తాయి. మూడు గడుల్లోనూ ఒకే జవాబు వచ్చిన వరుసలన్నీ ఒకే కంటైనర్‌కు వెళ్లగలవు. జవాబు మారిన చోట హద్దు ఉంటుంది.

"ఎవరు చూడకూడదు" అన్న గడి ఖాళీగా వదలకండి. "ఎవరికీ అడ్డు లేదు" అనేదే జవాబైతే అదే రాయండి. ఎగుమతి నియంత్రణ కిందికి వచ్చే డేటా ఉంటే ఈ గడిలోనే బయటపడుతుంది. దానికి వేరే కంటైనర్ తప్పనిసరి, ఫోల్డరుతో సరిపెట్టవద్దు.

మెట్టు 2: లైబ్రరీకి ఏవి వెళ్లాలో తేల్చండి

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. మిగతావన్నీ దీని మీదే నిలుస్తాయి.

బోల్టులు, నట్లు, వాషర్లు, బేరింగులు, సీళ్లు, ముడిసరుకు నిర్వచనాలు, డ్రాయింగు ఫార్మాట్లు అనుమానం లేకుండా లైబ్రరీకి వెళ్తాయి. అందరూ చూస్తారు, అందరూ వాడుకుంటారు, ఒకరిద్దరే మారుస్తారు.

తకరారు వచ్చేది సొంతంగా డిజైన్ చేసిన ఉమ్మడి భాగాలతో. ఒక బ్రాకెట్ పంపులోనూ, గేర్‌బాక్సులోనూ వాడారు. దాన్ని లైబ్రరీలో పెట్టాలా? రెండు చోట్ల వాడారన్న కారణంతోనే పెట్టేయకండి. ఈ ప్రశ్న వేయండి: ఈ బ్రాకెట్‌లో ఎం8 బోల్టు కోసం ఉన్న 9 మిల్లీమీటర్ల రంధ్రాన్ని రేపు ఎం10 కోసం 11 మిల్లీమీటర్లు చేయాలంటే, ఎవరి ఆమోదం కావాలి? "పంపు బృందం మార్చేస్తుంది, గేర్‌బాక్సు వాళ్లకు చెబితే చాలు" అనేది జవాబైతే అది పంపు ప్రొడక్టులోనే ఉండాలి. గేర్‌బాక్సు బృందానికి చదివే అనుమతి ఇవ్వండి. "ఇద్దరూ ఒప్పుకోకుండా మార్చడానికి లేదు" అనేది జవాబైతే అది లైబ్రరీకి వెళ్లాలి. ఈ తేడా పట్టించుకోకుండా కనిపించిన ప్రతి ఉమ్మడి భాగాన్నీ లైబ్రరీలోకి నెడితే, చిన్న మార్పుకు కూడా లైబ్రరీ బాధ్యుల కోసం ఎదురుచూడాలి. అప్పుడు ఇంజనీర్లు ఏం చేస్తారో నాకు బాగా తెలుసు: సొంతంగా ఒక నకలు తీసుకుని తమ ప్రొడక్టులో పెట్టుకుంటారు. నెమ్మదిగా లైబ్రరీని ఎవరూ నమ్మరు.

లైబ్రరీలోకి చేర్చే ముందు నకళ్లు ఏరివేయండి, కానీ తొందరపడి కలపకండి. ఒకే బేరింగు మూడు పేర్లతో కనిపించవచ్చు: "బేరింగ్ 6204", "6204-2ఆర్‌ఎస్", "బాల్ బేరింగ్ 20×47×14". మూడింటి కొలతలూ ఒకటే: లోపలి వ్యాసం 20, బయటి వ్యాసం 47, వెడల్పు 14 మిల్లీమీటర్లు. అయితే రెండోది రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నది, మొదటిది లేనిది. మూడోది ఏదో ఆ పేరు చూసి ఎవరూ చెప్పలేరు. కొనుగోలు రికార్డు చూడాల్సిందే. బోల్టుల్లో కూడా ఇలాగే జరుగుతుంది. డీఐఎన్ 933 (పాత జర్మన్ ప్రమాణం), ఐఎస్‌ఓ 4017 (దాని స్థానంలో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం) రెండూ తల దాకా మర ఉన్న షడ్భుజి బోల్టులే. ఎం8లో రెండింటికీ 13 మిల్లీమీటర్ల పానా సరిపోతుంది కాబట్టి ఒకటే అనిపిస్తుంది. ఎం10కి వచ్చేసరికి పాతదానికి 17, కొత్తదానికి 16. ఎం12లో 19, 18. ఇరుకైన చోట పానా తిరగడానికి వదిలిన ఖాళీని ఈ ఒక్క మిల్లీమీటరు తేడా చెడగొట్టవచ్చు. కాబట్టి కలిపేముందు ప్రమాణం సంఖ్యను చూడండి.

మెట్టు 3: ప్రొడక్టు కంటైనర్లు ఎన్ని?

ఒక ఉత్పత్తి శ్రేణికి ఒకటి. పంపులకు ఒకటి, గేర్‌బాక్సులకు ఒకటి. పంపుల్లో పెద్దవాటినీ చిన్నవాటినీ వేర్వేరు బృందాలు చేస్తుంటే, ఒకరివి ఒకరు మార్చకూడదనుకుంటే, రెండు. అంతకు మించి చీల్చడానికి బలమైన కారణం ఉండాలి.

కింది వాటిని బట్టి కంటైనర్లు చేయవద్దు:

- ఉప అసెంబ్లీలను బట్టి. అసెంబ్లీ వృక్షం బీఓఎంలో ఉంది, దాన్ని కంటైనర్లలో మళ్లీ గీయనక్కరలేదు. ఒక బీఓఎంలోని భాగాలు వేర్వేరు కంటైనర్లలో ఉండటం తప్పు కాదు, మామూలే.
- విభాగాలను బట్టి. మెకానికల్, ఎలక్ట్రికల్ అని విడదీస్తే ఒకే ఉత్పత్తి రెండుగా చీలుతుంది. సంస్థలో విభాగాల పేర్లు మారినప్పుడల్లా కంటైనర్లు కూడా పాతబడతాయి.
- ఆర్డరును బట్టి. నేను ఒకచోట చేసిన తప్పు ఇదే. ప్రతి కస్టమర్ ఆర్డరుకూ ఒక ప్రొడక్టు తెరిచాం. మొదట ఎంతో శుభ్రంగా కనిపించింది. రెండో ఆర్డరు మొదటిదాని కేసింగును వాడుకుంది, మూడోది రెండోదాని షాఫ్టును. కొత్త ఆర్డరు బృందం అసెంబ్లీ తెరిస్తే సగం వరుసల్లో పార్టు పేరుకు బదులు "సురక్షిత సమాచారం" అన్న మాట మాత్రమే కనిపించింది, ఎందుకంటే పాత కంటైనర్లలో వాళ్లకు చదివే అనుమతి లేదు. దాన్ని సరిచేయడానికి పెట్టిన సమయంలో ఒక కొత్త పంపు డిజైన్ పూర్తయ్యేది.

కస్టమర్‌ను బట్టి విడదీయక తప్పని ఒక సందర్భం ఉంది: డిజైన్ కస్టమర్ సొత్తు అయి, దాన్ని ఇతరులకు చూపకూడదని ఒప్పందం ఉన్నప్పుడు. మెట్టు 1లో మూడో గడి మీకు ఇది చెప్పేస్తుంది.

మెట్టు 4: ప్రాజెక్టు కంటైనర్

మొదలూ ముగింపూ ఉన్న పనికి, బయటి సంస్థలవాళ్లతో పంచుకునే పనికి ఇది వాడండి. ప్రొడక్టులో ఉన్న పార్టును ప్రాజెక్టుకు పంచుకోవచ్చు, లేదా మార్పు కోసం ప్రాజెక్టులోకి చెక్‌అవుట్ చేసి (ఇతరులు మార్చకుండా మన పేరున తీసుకుని; తిరిగి అప్పగించడం చెక్‌ఇన్), పని పూర్తయ్యాక తిరిగి ప్రొడక్టుకు పంపవచ్చు. ఖరారైన డిజైన్‌ను మాత్రం ప్రాజెక్టులో నిలవ ఉంచకండి. ప్రాజెక్టు మూసేసిన తర్వాత అక్కడ ఉండిపోయిన డ్రాయింగును ఎవరూ వెతకరు.

మెట్టు 5: పేర్లు

పదేళ్ల తర్వాత కూడా అర్థం మారని పేరు పెట్టండి. మనిషి పేరు, సంవత్సరం, "కొత్త", "తాజా", "చివరి" వంటి మాటలు వద్దు. "లైబ్రరీ – బిగింపు భాగాలు", "ప్రొడక్టు – పంపులు" చాలు.

మెట్టు 6: బృందాలు, అనుమతులు

అనుమతిని మనిషికి ఇవ్వకండి, పాత్రకు ఇవ్వండి. మనుషులను పాత్రలో చేర్చండి. పలు కంటైనర్లకు అవే మనుషులు వస్తుంటే ఆర్గనైజేషన్ స్థాయిలో ఉమ్మడి బృందాన్ని తయారు చేసి అన్నింటికీ దాన్నే తగిలించండి. ఎవరైనా ఉద్యోగం మానేసినా, విభాగం మారినా ఒక్కచోట సరిచేస్తే సరిపోతుంది.

లైబ్రరీలను అందరూ చదివేలా తెరవండి, మార్చే హక్కు ఇద్దరు ముగ్గురికే ఇవ్వండి. ఆ ఇద్దరు ముగ్గురిలో ఒకరు సెలవులో ఉన్నా పని ఆగకూడదు కాబట్టి ఒక్కరికే ఇవ్వవద్దు.

జాగ్రత్త: "సంపూర్ణ నిరాకరణ" అనే నియమాన్ని పై స్థాయిలో పెట్టకండి. పై స్థాయి నియమాలు కింది కంటైనర్లకు వారసత్వంగా వస్తాయి, ఈ ఒక్క రకాన్ని కింద ఎవరూ రద్దు చేయలేరు. చూడకూడని వాళ్లను ఆపడానికి సులువైన దారి, వాళ్లకు అసలు అనుమతే ఇవ్వకుండా ఉండటం.

మెట్టు 7: ఫోల్డర్లు, నియమాలు

ఫోల్డర్లు రెండు స్థాయిల లోపు ఉంచండి. విండ్‌చిల్‌లో ఒక పార్టు ఒకే ఫోల్డరులో ఉంటుంది. లోతు పెరిగేకొద్దీ "ఇది ఏ ఫోల్డరుకు వెళ్లాలి" అన్న వాదన పెరుగుతుంది తప్ప ఉపయోగం ఉండదు. నంబరు పద్ధతి, మొదటి రివిజన్ అక్షరం, లైఫ్‌సైకిల్, డిఫాల్టు ఫోల్డరు ఇవన్నీ ప్రారంభ నియమాల్లో రాస్తారు. వీలైనంత వరకు వీటిని ఆర్గనైజేషన్ స్థాయిలో ఒకేసారి రాసి, నిజంగా తేడా ఉన్న కంటైనర్‌లోనే విడిగా రాయండి.

కంటైనర్‌ను టెంప్లేటు నుంచి తెరుస్తారు కదా, ఆ టెంప్లేటును తర్వాత మారిస్తే పాత కంటైనర్లు మారవు. అందుకే టెంప్లేటు పక్కాగా కుదిరాకే వరుసగా కంటైనర్లు తెరవండి.

మెట్టు 8: టెస్ట్ సర్వరులో ఒక్క పంపుతో ప్రయత్నించండి

కేసింగు, ఇంపెల్లరు, షాఫ్టు, రెండు బేరింగులు, ఒక సీలు, ఎనిమిది బోల్టులు ఉన్న ఒక చిన్న పంపు అసెంబ్లీని తీసుకోండి. సొంత భాగాలను ప్రొడక్టులో, మిగతావి లైబ్రరీల్లో పెట్టండి. ఇప్పుడు మామూలు లాగిన్‌తో, అంటే పంపు బృందం సభ్యుడిగా, లోపలికి వెళ్లి ఈ పనులు చేయండి:

1. అసెంబ్లీ తెరవండి. ప్రతి వరుసలో పేరు కనిపించాలి.
2. షాఫ్టును చెక్‌అవుట్ చేసి, పొడవు మార్చి, చెక్‌ఇన్ చేయండి. దాని వెర్షన్ ఏ.1 నుంచి ఏ.2 కావాలి.
3. లైబ్రరీలోని బోల్టును చెక్‌అవుట్ చేయడానికి ప్రయత్నించండి. వీలు కాకూడదు.
4. కొత్త పార్టు సృష్టించి చెక్‌ఇన్ చేయండి. అది ఏ కంటైనర్‌లో, ఏ ఫోల్డరులో, ఏ లైఫ్‌సైకిల్‌తో పడిందో చూడండి.
5. షాఫ్టును విడుదలకు పంపండి. ఆమోదం కోరుతూ పని సరైన మనిషికి చేరాలి.

రెండో లాగిన్ గేర్‌బాక్సు సభ్యుడిది. పంపు భాగాలు అతనికి ఎంత వరకు కనిపించాలని నిర్ణయించారో అంతే కనిపించాలి.

ఈ పరీక్షలు అడ్మినిస్ట్రేటర్ లాగిన్‌తో చేస్తే ఏమీ తెలియదు. అడ్మినిస్ట్రేటర్‌కు అన్నీ కనిపిస్తాయి, అన్నీ సాధ్యమవుతాయి. "మా దగ్గర బాగానే ఉంది" అని చెప్పి తెరిచిన వ్యవస్థలు మొదటి రోజు పొద్దుటే ఆగిపోవడానికి ఇదే కారణం.

మెట్టు 9: డేటాను చేర్చండి

వరుస ముఖ్యం: మొదట లైబ్రరీలు, తర్వాత ప్రొడక్టులు. ప్రొడక్టుల్లో కూడా విడి భాగాలు ముందు, అసెంబ్లీలు తర్వాత, డ్రాయింగులు చివర. అసెంబ్లీ ముందు వెళ్లి, దాని బోల్టు అక్కడ లేకపోతే, ఎవరో ఒకరు అప్పటికప్పుడు ఇంకో బోల్టు తయారు చేస్తారు. రెండో మెట్టులో ఏరిన నకళ్లన్నీ తిరిగి వస్తాయి.

క్యాడ్ (డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్) ఫైలు పేర్లు మొదటే సరిచూడండి. విండ్‌చిల్ సాధారణ అమరికలో ఒక ఫైలు పేరు మొత్తం సైట్‌లో ఒక్కసారే ఉండాలి, కంటైనర్లు వేరైనా సరే. "బ్రాకెట్.పీఆర్‌టీ" అనే ఫైలు పంపుల్లో ఒకటి, గేర్‌బాక్సుల్లో ఒకటి ఉంటే రెండోది ఎక్కదు. స్ప్రెడ్‌షీట్‌లో పేర్ల గడిని అక్షర క్రమంలో పేర్చి, పక్కపక్కన ఒకేలా ఉన్నవి గుర్తించి, ఫైలు పేరును నంబరుగా మార్చండి.

ఇప్పటికే సిస్టమ్‌లో ఉన్న డేటాను ఒక కంటైనర్ నుంచి ఇంకోదానికి జరుపుతుంటే:

- ఎవరి దగ్గరా చెక్‌అవుట్‌లో లేకుండా చూడండి. చెక్‌అవుట్‌లో ఉన్నది కదలదు. రెండు రోజుల ముందే తెలియజేయండి.
- జరిపితే పాత రివిజన్లు కూడా వెంట వెళ్తాయి. తాజాది ఇక్కడ, పాతవి అక్కడ అన్నది కుదరదు.
- అనుమతులు వెంటనే కొత్త కంటైనర్‌వి అవుతాయి, కానీ ముందే తగిలించిన లైఫ్‌సైకిల్ అలాగే ఉండిపోతుంది. మారాలంటే విడిగా మార్చాలి. దీన్ని చాలామంది మరచిపోతారు. విడుదలకు పంపినప్పుడు పాత బృందానికి పని వెళ్లినప్పుడే తెలుస్తుంది.
- ఫ్యామిలీ టేబుల్ (ఒకే మూల నమూనా నుంచి వేర్వేరు కొలతల రూపాలు తెచ్చే పట్టిక) ఉన్న భాగాలను, మూలాన్నీ దాని రూపాలన్నింటినీ కలిపి ఒకేసారి జరపండి.
- యాభై చొప్పున జరపండి, ప్రతి విడత తర్వాత సరిచూడండి. అన్నీ ఒకేసారి జరిపి మధ్యలో ఆగితే ఏది వెళ్లిందో ఏది మిగిలిందో ఏరుకోవడమే పెద్ద పని అవుతుంది.

అంత డేటాను జరపడానికి తీరిక లేకపోతే ఇంకో దారి ఉంది. పాత కంటైనర్లను చదవడానికి మాత్రమే తెరిచి ఉంచండి. ఏ పార్టుకు మార్పు అవసరమైతే ఆ పార్టును ఆ రోజు కొత్త చోటికి జరపండి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని డ్రాయింగు ఎక్కడున్నా నష్టం లేదు. నాకైతే చిన్న బృందాలకు ఇదే మేలైన దారి అనిపిస్తుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

*కొత్త పార్టులు తప్పు చోట పడటం.* అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. క్యాడ్‌లో వర్క్‌స్పేస్ (ఇంజనీరు సొంతంగా పని చేసుకునే చోటు) ఏ కంటైనర్‌కు కట్టి ఉందో, కొత్త పార్టు మామూలుగా అక్కడికే వెళ్తుంది. ఉదయం గేర్‌బాక్సు వర్క్‌స్పేస్‌లో పని చేసి, మధ్యాహ్నం అందులోనే పంపు పార్టు మొదలుపెడితే అది గేర్‌బాక్సు కంటైనర్‌లో పడుతుంది. ప్రతి ప్రొడక్టుకూ విడి వర్క్‌స్పేస్ పెట్టుకోమనండి, పేరులోనే ఆ ప్రొడక్టు ఉండాలి. మొదటి చెక్‌ఇన్‌కు ముందు లొకేషన్ గడిని చూడటం అలవాటు చేయండి.

*"ఇతరాలు" అనే కంటైనర్.* వద్దు. తెరిచిన నెలలోనే అది అన్నింటికన్నా పెద్దదవుతుంది. ఎక్కడ పెట్టాలో తెలియని పార్టు వచ్చిందంటే మెట్టు 1లోని మూడు ప్రశ్నలకు ఇంకా జవాబు రాలేదని అర్థం.

*కనిపించడం లేదన్న వెంటనే అనుమతి ఇచ్చేయడం.* ఎవరైనా "నాకు ఈ పార్టు రావడం లేదు" అంటే, ముందు ఆ పార్టు సరైన కంటైనర్‌లో ఉందో లేదో చూడండి. చాలాసార్లు తప్పు చోటులో ఉంటుంది, అనుమతిలో ఉండదు.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

తెరిచిన వారానికి, మళ్లీ మూడు నెలలకు ఈ తనిఖీలు చేయండి.

పాత జాబితాలోని మొత్తం సంఖ్యను కొత్త కంటైనర్లలోని సంఖ్యల మొత్తంతో పోల్చండి. తేడా ఉంటే, ప్రతి తేడాకూ కారణం రాసి ఉండాలి: నకలు కాబట్టి తీసేశాం, పనికిరాదు కాబట్టి వదిలేశాం అని. కారణం చెప్పలేని తేడా ఒక్కటి ఉన్నా ముందుకు పోవద్దు.

ప్రతి ప్రొడక్టు నుంచి ఒక పెద్ద అసెంబ్లీని మామూలు లాగిన్‌తో పూర్తిగా విప్పి చూడండి. "సురక్షిత సమాచారం" అన్న వరుస ఒక్కటి కూడా ఉండకూడదు, మీరు కావాలని దాచినవి తప్ప.

గత వారం రోజుల్లో సృష్టించిన పార్టులన్నింటినీ సెర్చ్‌లో తెచ్చి, కంటైనర్ గడిని బట్టి పేర్చండి. పంపు కేసింగు గేర్‌బాక్సుల్లో కనిపిస్తే, దాన్ని చేసినవారి దగ్గరికి వెళ్లి వర్క్‌స్పేస్ చూడండి. ఆ పక్కనే ఇంకో రెండు మూడు దొరుకుతాయి.

చివరగా, లైబ్రరీలో "బేరింగ్" అని వెతికి, ఒకే కొలతతో కొత్తవి ఏమైనా చేరాయా చూడండి. చేరి ఉంటే, చేర్చిన ఇంజనీరును అడగండి: ఉన్నది ఎందుకు వాడలేదు? "సెర్చ్‌లో దొరకలేదు" అంటే పేర్లు సరిచేయండి. "విడుదల కాలేదు" అంటే లైబ్రరీ బాధ్యులతో మాట్లాడండి. "ఉందని తెలియదు" అంటే ఆయన పక్కన పది నిమిషాలు కూర్చుని లైబ్రరీ తెరిచి చూపించండి.